సీలు విప్పని కవర్లు: టెక్సాస్ నుంచి న్యూజెర్సీకి నా టీచర్ లైసెన్స్

న్యూజెర్సీ వచ్చిన రెండో వారంలోనే డ్రైవింగ్ లైసెన్స్ మార్చుకున్నాను. ఇక్కడ ఒక్కో కాగితానికి కొన్ని పాయింట్లు ఇస్తారు, అన్నీ కలిపి ఆరు రావాలి. పాస్‌పోర్టు, పాత లైసెన్స్, బ్యాంకు స్టేట్‌మెంటు, అద్దె అగ్రిమెంటు అన్నీ కౌంటర్ మీద పెట్టాను. అక్కడున్నాయన వాటిని అటూ ఇటూ తిప్పి చూశాడు, ఫోటో తీశాడు, టెక్సాస్ కార్డు తీసేసుకున్నాడు. గంటన్నరలో అయిపోయింది. కారెక్కుతూ మావారితో, "టీచర్ లైసెన్స్ కూడా ఇంతేనేమో, అనవసరంగా టెన్షన్ పడ్డాం" అన్నాను.

అది 2023 జూన్ చివర. న్యూజెర్సీ స్టాండర్డ్ సర్టిఫికెట్, అంటే ఇక్కడి పూర్తి టీచర్ లైసెన్స్, వచ్చేసరికి 2024 ఏప్రిల్ అయింది.

ముందు నా సంగతి కాస్త. మాది గుంటూరు జిల్లా. బీయెస్సీ ఎంపీసీ, ఎమ్మెస్సీ మ్యాథ్స్, బీఈడీ అయ్యాక హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో 2005 నుంచి మూడేళ్లు చేశాను. పెళ్లయి అమెరికా వచ్చాక చాలాకాలం ఇంట్లోనే ఉన్నాను. 2017లో టెక్సాస్‌లో ఆల్టర్నేటివ్ సర్టిఫికేషన్ కోర్సు చేసి, పరీక్షలు రాసి, 7 నుంచి 12 తరగతుల లెక్కల టీచర్‌గా లైసెన్స్ తెచ్చుకున్నాను. డాలస్ పక్కన ఒక మిడిల్ స్కూల్లో ఆరేళ్లు పాఠాలు చెప్పాను. ఎనిమిదో తరగతి లెక్కలు, ఆల్జీబ్రా వన్. మావారి ఆఫీసు న్యూజెర్సీలోని ఎడిసన్ వైపు మారడంతో మేమూ సామాను సర్దుకున్నాం.

అందరూ 'ట్రాన్స్‌ఫర్' అంటారు, నేనూ అదే అనేదాన్ని. ఆ మాటే తప్పని మొదటి వారంలో తెలిసింది. అమెరికాలో టీచర్ లైసెన్స్ ఇచ్చేది కేంద్రం కాదు, ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే. రాష్ట్రాల మధ్య నాస్డ్‌టెక్ అనే సంఘం కుదిర్చిన ఒప్పందం ఒకటి ఉంది. దాన్ని చూసి, ఒక రాష్ట్రం కార్డు ఇంకో రాష్ట్రంలో చెల్లుతుందని చాలామంది అనుకుంటారు. ఆ ఒప్పందం చెప్పేదల్లా, మీరు అక్కడ పొందిన శిక్షణను ఇక్కడ పరిశీలిస్తాం, మా షరతులు మాత్రం మీరు తీర్చాలి అని. ఏ షరతులన్నది ఎవరి ఇష్టం వాళ్లది. సరిగ్గా నేను మారిన 2023లోనే పది రాష్ట్రాలు చేరడంతో టీచర్ల కోసం అంతర్రాష్ట్ర కాంపాక్ట్, అంటే ఇంకో కొత్త ఒప్పందం, ఒకటి నిలబడింది. అందులో ఉన్న రాష్ట్రాల మధ్య ఈ తిప్పలు చాలావరకు తగ్గించాలన్నది దాని ఉద్దేశం. ఆ పదింటిలో టెక్సాసూ లేదు, న్యూజెర్సీ కూడా లేదు.

అంటే నాది బదిలీ కాదు, కొత్త అప్లికేషన్. పాత లైసెన్స్ అందులో జతపరచాల్సిన ఒక కాగితం, అంతే.

ఈ మాట ఫోన్లో చెబితే నాన్న నవ్వారు. ఆయన జిల్లా పరిషత్ హైస్కూల్ హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. సర్వీసులో ఉండగా ఎస్సార్‌లో (సర్వీసు రిజిస్టర్లో) ఒక ఇంక్రిమెంటు ఎంట్రీ పడకపోతే సబ్ ట్రెజరీకీ, పై ఆఫీసుకీ మధ్య దాదాపు ఏడాది తిరిగిన మనిషి. "ఏ కాగితానికైనా రెండు జిరాక్సులు తీసుకో. ఒరిజినల్ మాత్రం చేతిలోంచి వదలకు. ఒరిజినల్ నీ దగ్గరుంటే నిన్నెవడూ ఏం చేయలేడు" అన్నారు. మా ఇంట్లో పదో తరగతి మెమో దగ్గర్నుంచి ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) దాకా అన్నీ ప్లాస్టిక్ కవర్లలో, ఇనప్పెట్టెలో ఉండేవి. నేను కూడా ఆ ఫైలంతా సూట్‌కేసులో కాదు, హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని విమానం ఎక్కినదాన్నే.

ఆ ఫైలు ఇక్కడ ఒక్కసారి కూడా విప్పాల్సిన అవసరం రాలేదు. నా చేతిలో ఉన్న ఒరిజినల్‌కి విలువ లేదు. మార్కులైనా, ట్రైనింగ్ పూర్తయిందన్న ధ్రువీకరణ అయినా, పాత ఉద్యోగం గురించి మాటైనా, ఇచ్చినవాళ్లే సీలు వేసి నేరుగా పంపాలి. మధ్యలో నా చేయి తగిలితే ఆ కాగితం చెల్లదు. కానీ పంపమని అందరి వెంటా పడాల్సింది మాత్రం నేనే. పది నెలల కథ అంతా ఈ రెండు ముక్కల్లోనే ఉంది.

మొదట అడ్డొచ్చింది పేరు. పదో తరగతి నుంచి ఎమ్మెస్సీ వరకు నా పేరు ముందు రెండు పొడి అక్షరాలు: ఒకటి ఇంటిపేరు, రెండోది నా పేరులోనే ఉన్న దేవుడి పేరు. పాస్‌పోర్టు తీసుకున్నప్పుడు ఆ రెండూ విడమరిచి రాయించాం. 2021లో అమెరికా పౌరసత్వం వచ్చినప్పుడు మావారి ఇంటిపేరు పెట్టుకున్నాను. అలా డిగ్రీల మీద ఒక మనిషి, టెక్సాస్ మొదటి రికార్డుల్లో ఇంకో మనిషి, న్యూజెర్సీ అప్లికేషన్లో మూడో మనిషి. క్రెడెన్షియల్ ఎవాల్యుయేషన్ చేసే, అంటే మన డిగ్రీలు ఇక్కడి దేనికి సమానమో తేల్చే, సంస్థ నుంచి వచ్చిన మొదటి ఈమెయిల్ ఇదే: డిగ్రీ మీద ఉన్న వ్యక్తి, దరఖాస్తు చేసిన వ్యక్తి ఒకరేనని రుజువేమిటి? ఆ ఈమెయిల్ రాసినావిడ నా మొదటి పొడి అక్షరాన్నే నా పేరు అనుకుని, 'డియర్' తర్వాత ఆ ఒక్క అక్షరం రాసింది. పెళ్లి సర్టిఫికెట్, పౌరసత్వం కాగితం, గుంటూరులో నోటరీ చేయించిన స్టాంపు కాగితం, పాత పాస్‌పోర్టు మొదటి పేజీ అన్నీ పంపితే మూడు వారాలకు ఒప్పుకున్నారు.

టెక్సాస్‌కి వాడిన ఎవాల్యుయేషన్ రిపోర్టు ఉంది కదా అంటే, అందులో డిగ్రీ దేనికి సమానమో మాత్రమే ఉందట. న్యూజెర్సీకి కోర్సు వారీగా, క్రెడిట్లతో, జీపీఏతో కావాలి. లెక్కల టీచర్ కావాలంటే లెక్కల్లో కనీసం 30 క్రెడిట్లు ఉండాలి, అందులో 12 పైస్థాయివి. ఎమ్మెస్సీ చదివినదానికి ఇదొక లెక్కా అనుకున్నాను.

మన మార్కుల మెమో ఎప్పుడైనా పరీక్షగా చూశారా? నాది చూడండి: మ్యాథమేటిక్స్ పేపర్ ఒకటి, పేపర్ రెండు, పేపర్ మూడు. అంతే. పేపర్ మూడంటే రియల్ అనాలిసిస్ అని నాకు తెలుసు, ఆ ఏడాది నాతో రాసిన వాళ్లకి తెలుసు. ఎక్కడో ఆఫీసులో కూర్చుని చూసేవాళ్లకి అది త్రైరాశికమో, టోపాలజీయో ఎలా తెలుస్తుంది? సిలబస్ కాపీ, అదీ యూనివర్సిటీ ముద్రతో కావాలన్నారు. నేను డిగ్రీ పూర్తి చేసింది 2001లో. అప్పటి సిలబస్.

తమ్ముడు రంగంలోకి దిగాడు. పాపం వాడికి సొంత షాపుంది, మధ్యాహ్నం షట్టర్ దించి వెళ్లేవాడు. ట్రాన్‌స్క్రిప్టులకు ఫీజు కట్టాడు, మెమోలన్నిటి జిరాక్సులు ఇచ్చాడు, "వచ్చే బుధవారం రండి" అన్న మాట నాలుగు బుధవారాలు విన్నాడు. సిలబస్ మాత్రం ఆఫీసులో దొరకలేదు. మాకు ఆల్జీబ్రా చెప్పిన లెక్చరర్ గారు రిటైరై ఊళ్లోనే ఉన్నారని ఎవరో చెబితే వెళ్లాడు. ఆయన అటక మీద నుంచి పాత సిలబస్ పుస్తకం తీయించి, దుమ్ము దులిపి, "మీ అక్క ముందు బెంచీలో కూర్చునేది కదూ" అన్నారట. దాన్ని తీసుకెళ్లి ముద్ర వేయించాడు.

కవర్ చేతికొచ్చిన రోజు వీడియో కాల్ చేశాడు. ఖాకీ రంగు పొడుగు కవరు, మూత అతికిన చోట అడ్డంగా సంతకం, సగం కవరు మీద సగం మూత మీద పడేలా గుండ్రటి ఊదా రంగు ముద్ర, పైన సెల్లోటేపు. "అక్కా, ఇది విప్పితే అయిపోయినట్టేగా?" అన్నాడు. "దాన్ని వేడి తగిలేచోట కూడా పెట్టకురా" అన్నాను.

అక్కడితో అయిందనుకుంటే కొరియర్ ఆఫీసు దగ్గర ఇంకో గొడవ. విదేశాలకు పంపేది ఏదైనా లోపలేముందో చూడకుండా బుక్ చేయం అన్నాడట కుర్రాడు. విప్పితే చెల్లదు బాబూ అని వీడు. విప్పకపోతే మా మేనేజర్ ఊరుకోడు అని వాడు. వెనకాల నాలుగు రకాల పచ్చళ్లు ప్యాక్ చేయించుకుంటున్న పెద్దాయన కలగజేసుకుని, "మా అబ్బాయి చదువుకి కూడా ఇట్లాగే పంపామయ్యా, అవి యూనివర్సిటీ కవర్లు" అని చెప్పాక, ఎవాల్యుయేషన్ సంస్థ పంపిన లెటర్ ప్రింటు, వీడి ఆధార్ కాపీ తీసుకుని బుక్ చేశాడు. ఆ పెద్దాయనెవరో తెలియదు. ఎప్పుడైనా కలిస్తే కాళ్లకు దండం పెడతాను.

ఇండియాలోనే ఇంత ఆలస్యం అనుకునేరు. టెక్సాస్‌లో నేను ట్రైనింగ్ చేసిన సంస్థ ఈలోగా చేతులు మారింది. నా కోర్సు పూర్తయిందని ఒక పేజీ ఫామ్ మీద సంతకం చేసి పంపడానికి వాళ్లు తీసుకున్నది ఐదు వారాలు. ఫోన్ చేస్తే పాట వినిపించేది, మెయిల్ చేస్తే మీ మెయిల్ అందింది అని జవాబొచ్చేది. గుంటూరులో అయితే తమ్ముడు కౌంటర్ ముందు నిలబడి పోట్లాడాడు. ఇక్కడ నిలబడటానికి కౌంటరే లేదు.

ఆ ఎదురుచూపుల్లోనే రెండు చిన్న పనులు పూర్తి చేశాను. ఒకటి, ఫిజియాలజీ, హైజీన్ పరీక్ష. నమ్ముతారో లేదో, లెక్కలు చెప్పేవాళ్లు కూడా శరీరధర్మం, పరిశుభ్రత, మాదకద్రవ్యాల సంగతులు తమకు తెలుసని ఇక్కడ రుజువు చేసుకోవాలి. కాలేజీలో బయాలజీ, హెల్త్ లాంటి కోర్సు చదివి ఉంటే అది సరిపోతుంది. నాది ఎంపీసీ. కప్పను కోయాల్సి వస్తుందని ఇంటర్లో బైపీసీ వద్దన్నదాన్ని. కౌంటీ (మన జిల్లా లాంటిది) విద్యాశాఖ ఆఫీసుకు వెళ్లి పరీక్ష రాయాలి. మా అమ్మాయి అప్పుడు పదో తరగతి. రాత్రి అన్నాలయ్యాక నన్ను కూర్చోబెట్టి చిన్నపేగు పనేమిటి, క్లోమం ఎక్కడుంటుంది అని అడిగేది. తప్పు చెబితే "అమ్మా, ఫోకస్" అనేది. ఆ మాట నేను రోజూ దాన్ని అనేదే. పరీక్ష కష్టమేమీ కాదు, పాసయ్యాను. కౌంటీ ఆఫీసులో ఆ గదిలో నాతోపాటు ఇంకో ఇద్దరు ఉన్నారు, ఒకాయన మ్యూజిక్ టీచర్. ఆయన కూడా నాలాగే పెదాలు కదుపుతూ ఏదో వల్లె వేసుకుంటున్నాడు.

రెండోది ప్రమాణపత్రం. అమెరికా రాజ్యాంగానికీ న్యూజెర్సీ రాజ్యాంగానికీ కట్టుబడి ఉంటానని నోటరీ ముందు సంతకం చేయాలి. బ్యాంకులో నోటరీ అమ్మాయికి పాతికేళ్లు కూడా ఉండవు. "కుడిచెయ్యి ఎత్తండి" అంది. డబ్బు డ్రా చేసుకోవడానికి లైన్లో నిలబడ్డ నలుగురి ముందు చెయ్యెత్తి ప్రమాణం చేశాను. పౌరసత్వం రోజున పట్టుచీర కట్టుకుని చేశాను, ఈసారి చేతిలో కూరగాయల సంచీ ఉంది.

సెప్టెంబర్లో ఇక్కడ స్కూళ్లు తెరిచారు. ఆరేళ్లలో మొదటిసారి నాకు క్లాసు లేదు. ఉదయం ఏడింటికి పసుపు బస్సు మా వీధి మలుపు తిరుగుతుంటే కిటికీ దగ్గర నిలబడి కాఫీ తాగడం నావల్ల కాలేదు. లైసెన్స్ వచ్చేలోపు సబ్‌స్టిట్యూట్ టీచర్‌గా చేద్దామనుకున్నాను. దానికి పూర్తి లైసెన్స్ అక్కర్లేదు, 60 కాలేజీ క్రెడిట్లు ఉంటే కౌంటీ ద్వారా వేరే అనుమతి ఇస్తారు. అక్కడా కాగితాలే. కానీ అసలు కాగితం ఎందుకు పుడుతుందో నాకు అర్థమైంది ఈ దశలోనే.

వేలిముద్రలు టెక్సాస్‌కి ఒకసారి ఇచ్చాను, పౌరసత్వానికి ఇంకోసారి ఇచ్చాను. అయినా ఒక రాష్ట్రం తీసుకున్నవి ఇంకో రాష్ట్రానికి పనికిరావు, మళ్లీ ఇవ్వాలి. నా కుడి బొటనవేలు మెషీన్‌కి ఆనలేదు. తుడిచి, లోషన్ రాసి, అయిదుసార్లు నొక్కించింది ఆ అమ్మాయి. "గిన్నెలు చేత్తో కడుగుతారా?" అని అడిగింది. డిష్‌వాషర్ ఉన్నా కుక్కర్, మూకుడు చేత్తో తోమేదాన్నే. ఆరోసారికి పడింది.

తర్వాత టీబీ పరీక్ష. టెక్సాస్‌లో నన్నెవరూ అడగలేదు, ఇక్కడ తప్పనిసరి. ముంజేతి లోపలి వైపు చర్మం కింద చిన్న సూది మందు వేసి, రెండు మూడు రోజుల తర్వాత వచ్చి చూపించమంటారు. మూడో రోజుకి నా చేయి రూపాయి బిళ్లంత ఎర్రగా ఉబ్బింది. నర్సు బాల్‌పెన్నుతో ఆ ఉబ్బుకి అటొక గీత ఇటొక గీత గీసి, స్కేలు పెట్టి మిల్లీమీటర్లు కొలిచి, మొహం సీరియస్‌గా పెట్టింది. ఎడమ భుజం మీద మచ్చ చూపించాను. మన వాళ్లలో చాలామందికి ఉండేదే, పుట్టినప్పుడు వేసిన బీసీజీ టీకా మచ్చ. ఆ టీకా వేయించుకున్నవాళ్లకి చర్మం పరీక్ష ఉత్తినే పాజిటివ్ చూపించవచ్చు. దానికి బదులు రక్తపరీక్ష ఉంది, ఈ టీకా ఆ ఫలితాన్ని మార్చదు. అది చేయించుకున్నాను, నెగటివ్ వచ్చింది. మీలో ఎవరైనా ఈ దారిన వెళ్తుంటే సూది దాకా పోకుండా ముందే రక్తపరీక్ష అడగండి. నేను వారం పోగొట్టుకున్నాను, రెండు రాత్రులు నిద్ర కూడా.

ఇక ఆ ఫామ్. న్యూజెర్సీలో 2018లో ఒక చట్టం వచ్చింది. స్కూల్లో ఉద్యోగానికి వచ్చేవాళ్లు గత ఇరవై ఏళ్లలో పిల్లలతో నేరుగా పనిచేసిన ప్రతి చోటి పేరూ చెప్పాలి. కొత్త స్కూలు ఆ పాత యజమానులందరికీ రాసి, ఈ మనిషి మీద పిల్లలపై వేధింపుల ఆరోపణ, విచారణ ఏమైనా ఉన్నాయా, అలాంటి కారణంతో రాజీనామా చేసి వెళ్లారా అని అడుగుతుంది. డాలస్ స్కూలు మర్నాటికే జవాబు పంపింది. మిగిలింది హైదరాబాద్.

2005లో నేను చేరిన ఆ స్కూలు ఇప్పుడు లేదు. ఆ బిల్డింగులో ఒక కార్పొరేట్ స్కూలు బోర్డు వేలాడుతోంది. వాళ్లకి ఫోన్ చేస్తే మేమెవరమో, మీరెవరో అన్నారు. పాత కొలీగ్స్ వాట్సాప్ గ్రూపులో అడిగితే మా ప్రిన్సిపల్ మేడమ్ నంబర్ దొరికింది. డెబ్భై దాటిన మనిషి. గొంతు మాత్రం అదే, ప్రేయర్ గ్రౌండ్ చివరిదాకా మైకు లేకుండా వినిపించే గొంతు. ఫామ్ చదివి ఫోన్ చేశారు.

"ఏంటమ్మా ఇది? అక్కడ నీ మీద ఏమన్నా కేసు పెట్టారా?"

"లేదు మేడమ్, అందర్నీ అడుగుతారు. రూలు."

"ఎవరైనా కావాలనే నీ మీద రాశారేమో చూసుకో. ఆడపిల్లవి, దేశం కాని దేశంలో ఉన్నావు."

ఆ చట్టం ఎందుకొచ్చిందో చెప్పాను. ఒక చోట పిల్లలతో తప్పుగా ప్రవర్తించినవాణ్ణి, పరువు పోతుందని చప్పుడు చేయకుండా పంపించేస్తారు. వాడు పక్క ఊరి స్కూల్లో మంచి సర్టిఫికెట్‌తో చేరిపోతాడు. అలా జరగకూడదని పెట్టారు మేడమ్ అన్నాను. అవతల్నుంచి చాలాసేపు మాట రాలేదు. లైన్ కట్టయిందేమో అనుకున్నాను.

"మన దగ్గర ఒకతను ఉండేవాడు, గుర్తుందా," అన్నారు చివరికి. "సంవత్సరం మధ్యలో మానేశాడు, ఊరికి వెళ్లాడని మీ అందరికీ చెప్పాం. ఊరికి వెళ్లలేదు. పేరెంట్స్ వచ్చి గొడవ చేస్తే మేనేజ్‌మెంటు వాళ్లు రిలీవింగ్ లెటర్ ఇచ్చి పంపించేశారు. రెండు నెలల్లో ఇంకో స్కూల్లో చేరాడు. నాకు తెలుసు. నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు."

అతను నాకు గుర్తున్నాడు. స్టాఫ్ రూంలో నా పక్క టేబుల్. అందరికీ టీ తెప్పించేవాడు.

మేడమ్ ఆ సాయంత్రమే ఫామ్ నింపారు. స్కూలు పాత లెటర్‌హెడ్డు, రబ్బరు స్టాంపు ఇంకా ఆవిడ బీరువాలో ఉన్నాయట. ప్రతి ప్రశ్న పక్కనా 'లేదు' అని టిక్కు పెట్టి ఊరుకోకుండా, పూర్తి వాక్యం రాశారు. మనవడితో స్కాన్ చేయించి నేరుగా ఇక్కడి హెచ్ఆర్‌కి మెయిల్ చేశారు. సంస్థ మెయిల్ కాదు, సొంత జీమెయిల్. చెల్లదేమో అని భయపడ్డాను. హెచ్ఆర్ ఆవిడ, సంస్థ మూతపడిందన్న సంగతీ తాము అడిగిన ప్రయత్నమూ ఫైల్లో ఉంటే చాలని తీసుకుంది. నా దగ్గరకొచ్చిన కాగితాలన్నిట్లో నేను విసుక్కోకుండా నింపింది అదొక్కటే. తర్వాత ఫిబ్రవరిలో ఇంకో స్కూలు వాళ్లు అదే ఫామ్ మళ్లీ మొదటి నుంచి అడిగినప్పుడు కూడా.

సబ్‌స్టిట్యూట్ పని రోజుకూలీ లాంటిది. పొద్దున్నే ఫోన్లో మెసేజ్ వస్తుంది, ఏ స్కూలైతే ఆ స్కూలు, ఏ సబ్జెక్టయితే ఆ సబ్జెక్టు. ఒకరోజు స్పానిష్, ఒకరోజు జిమ్. లెక్కల క్లాసు పడిన రోజు పండగ. ఒక ఆల్జీబ్రా క్లాసులో టీచర్ వర్క్‌షీట్ వదిలి వెళ్లింది. పిల్లలు చేయట్లేదని నేను బోర్డు దగ్గరకెళ్లి వర్గ సమీకరణం గీసి చూపిస్తుంటే, వెనక బెంచీ కుర్రాడు "మీరు నిజం టీచరా?" అన్నాడు. "కాగితాలు వస్తున్నాయి" అన్నాను.

ఈ హడావిడిలో ఇంకో ప్రమాదం తప్పింది. టెక్సాస్ లైసెన్స్ అయిదేళ్లకోసారి రెన్యువల్, గడువు మన పుట్టిన నెల చివరి రోజు. నాది నవంబర్. ఇక్కడ అప్లికేషన్ పెండింగ్‌లో ఉండగా అక్కడ లైసెన్స్ లాప్స్ అయిందనుకోండి, 'వేరే రాష్ట్రంలో చెల్లుబాటులో ఉన్న లైసెన్స్' అన్న మొదటి మెట్టే విరిగిపోతుంది. దీపావళి పనుల్లో పడి మర్చిపోయాను. నవంబర్ 20న రాత్రి వాష్‌రూం అద్దం ముందు పళ్లు తోముకుంటుంటే గుర్తొచ్చింది. అయిదేళ్లకు 150 గంటల ట్రైనింగ్ చూపించాలి. స్కూల్లో ఉండగా అవి ఎప్పటికప్పుడు పూర్తయ్యాయి కాబట్టి బతికాను. ఆ రాత్రే ఫీజు కట్టేశాను.

డిసెంబర్లో పోర్టల్లో స్టేటస్ మారింది. స్టాండర్డ్ కాదు, సీఈఏఎస్. అంటే ట్రైనింగ్ పూర్తయింది, ఉద్యోగానికి అర్హులు, కానీ కొత్త టీచర్‌లా మెంటార్ కింద ప్రొవిజనల్‌గా మొదలుపెట్టాలి. ఆరేళ్లు చెప్పినదానికి మెంటారా అని ఏడుపొచ్చింది. కారణం తెలిశాక నవ్వొచ్చింది. నా పాత అప్రైజల్స్‌లో 'ఎఫెక్టివ్' అనే మాట లేదు.

న్యూజెర్సీలో టీచర్ పనితీరుకి ఏడాది చివర ఒకే మాట రాస్తారు: ఇనెఫెక్టివ్, పార్షల్లీ ఎఫెక్టివ్, ఎఫెక్టివ్, హైలీ ఎఫెక్టివ్. టెక్సాస్ పద్ధతి వేరు. అక్కడ పదహారు అంశాలకు విడివిడిగా ప్రొఫిషియంట్, అకంప్లిష్డ్ లాంటి మాటలు వేస్తారు. నాకు ఎక్కువ అకంప్లిష్డ్‌లు, రెండు డిస్టింగ్విష్డ్‌లు. వాటన్నిటినీ కలిపి ఒక్క మాట చేయడం టెక్సాస్ కాగితంలో లేదు. లెక్కల టీచర్ని కదా, సగటు నేనే కట్టి ఇస్తానని కూడా అన్నాను. నా చేయి తగలకూడదు. చివరికి మా పాత స్కూలు ప్రిన్సిపల్‌ని బతిమాలితే, మా డిస్ట్రిక్ట్ లెటర్‌హెడ్ మీద మూడే వాక్యాలు రాసి నేరుగా పంపాడు. రెండో వాక్యంలో ఆ మాట ఉంది. నాకు కాపీ పెడుతూ, "నువ్వు అంతకంటే బెటర్, కానీ వాళ్లకి ఈ స్పెల్లింగే కావాలట" అని రాశాడు.

ఫిబ్రవరిలో ఒక మిడిల్ స్కూల్లో ప్రసూతి సెలవు మీద వెళ్లిన టీచర్ స్థానంలో తీసుకున్నారు. ఏప్రిల్ రెండో వారంలో స్టాండర్డ్ వచ్చింది. జీతం ఏ మెట్టు మీద మొదలవ్వాలో తేల్చడానికి టెక్సాస్ సర్వీస్ రికార్డు మళ్లీ అడిగారు. ఆరేళ్లకు అయిదేళ్లే లెక్కేస్తామన్నారు, సరే అన్నాను. కొరియర్లు, ఎవాల్యుయేషన్, ఫీజులు, వేలిముద్రలు, డాక్టరు అన్నీ కలిపితే వెయ్యి డాలర్లు దాటింది. తమ్ముడి పెట్రోలు వాడు చెప్పడు.

సర్టిఫికెట్ వచ్చిన రోజు రాత్రి నాన్నకి వీడియో కాల్ చేశాను. పోర్టల్లోంచి డౌన్‌లోడ్ చేసి ఇంటి ప్రింటర్ మీద తీసిన కాగితం, ఇంకా వెచ్చగా ఉంది. కెమెరా దగ్గరగా పెట్టాను. కళ్లజోడు సర్దుకుని పైనుంచి కిందిదాకా చదివారు.

"ముద్ర ఏదమ్మా?"

"ముద్ర ఉండదు నాన్నా. అంతా ఆన్‌లైన్. ఎవరికి కావాలన్నా వాళ్లే చూసుకుంటారు."

"మరి ఒరిజినల్?"

"ఒరిజినల్ అంటూ ఏమీ లేదు."

ఆయన కాసేపు ఏమీ అనలేదు. కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు.

"అయినా రెండు జిరాక్సులు తీసి పెట్టు" అన్నారు.